కుంగలేదని రాసిన నడిమి స్తంభం

స్వర్ణలతకు కోపమొస్తే గొంతు లేవదు. చీర కొంగు నడుముకు బిగించి, ఎదుటివాడి చేతిలో ఏ కాగితముంటే ఆ కాగితం లాక్కుంటుంది. అంతే. ఆ లాక్కోవడం చూసిన కుర్రాళ్ళు గుడివాడ చుట్టుపక్కల ఇంజనీరింగు చదివినవాళ్ళలో వెయ్యిమందికి తక్కువుండరు. పదిహేడేళ్ళుగా ఒకటే కాలేజీలో పాఠం చెబుతోంది మరి. ఇన్నేళ్ళయినా ఆవిణ్ణి పర్మనెంటు చెయ్యడానికి ఆ యాజమాన్యానికి చేతులు రాలేదు. గేటుకు రంగులేయించడానికి మాత్రం ఏటా వస్తాయి.

ఆవిడ పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ అవతల కోటివారిపాలెంలో. తండ్రి మోషే తాపీమేస్త్రి. ఆ చుట్టుపక్కల మేడల్లో సగం ఆయన చేతిమీద లేచినవే. కట్టిన మేడల్లో ఆయన్ని కుర్చీవేసి కూర్చోమన్నవాళ్ళు ముగ్గురో నలుగురో. ఆ సంగతి ఆయన మరిచిపోయాడేమో గాని కూతురు మరిచిపోలేదు. మచిలీపట్నంలో హాస్టలు అన్నం తిని డిప్లమా చేసింది. తరవాత బీటెక్కు, ఆ తరవాత ఎంటెక్కు. ఎక్కడా ఎవరి సిఫార్సూ లేదు.

ఆవిడ చెప్పే పాఠం దూలాలదీ, ట్రస్సులదీ, ఫ్రేములదీ. బరువు పడితే ఏ అతుకు ఎంత జరుగుతుంది, ఎంత తిరుగుతుంది, దాన్ని జరగనివ్వకుండా ఏ ముక్క ఎంత బిగువుగా పట్టి ఉంచుతుంది అని లెక్కగట్టే విద్య. ముక్కముక్కకూ ఉన్న బిగువును అంకెల్లో రాసి, అడ్డం వరుసలూ నిలువు వరుసలూ ఉన్న పెద్ద పట్టీలో కూరుస్తారు. దాన్నే మాట్రిక్స్ అంటారు. ఆ పట్టీ ముందు ఆవిడ నిలబడితే, కొత్తవాళ్ళు అన్నం మానేసి చూస్తారని కాదు గాని, నిద్ర మాత్రం పోరు.

జులై నెల, ఒక శనివారం సాయంత్రం మోషే ఫోను చేశాడు.

"అమ్మాయ్, డ్రెయిను కాలవ మీద వంతెన నడిమి స్తంభం కూర్చుందే."

"ఎవరన్నారు నాన్నా?"

"ఎవరంటే నీకెందుకు, నీళ్ళ ట్యూబు పెట్టి నేనే చూశాను. రెండంగుళాలకు కాస్త తక్కువ దిగింది. డ్రెయిన్ల ఆఫీసువాళ్ళు వచ్చి దూలం పగులుకు సిమెంటు పూసి, ఫరవాలేదని కాగితమిచ్చి పోయారు. సోమవారం శోభనాద్రిగారి చేలో నాట్లు. నారు కట్టల ట్రక్కు దానిమీదే పోతుంది, మన రత్నకుమారి ముఠా నలభైమందీ ట్రక్కులోనే ఎక్కుతారు. నేను చెబితే ముసలోడికి చూపు ఆనడంలేదంటున్నారు."

నీళ్ళ ట్యూబు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. సన్నని ప్లాస్టిక్ ట్యూబులో నీళ్ళు నింపి ఒక కొన ఇక్కడా ఒక కొన అక్కడా పట్టుకుంటే, నీళ్ళు రెండువైపులా ఒకే ఎత్తున నిలబడతాయి. తాపీవాళ్ళ మట్టం అదే. దానికి కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. అందుకే కాబోలు దానికి మర్యాద లేదు.

"కాగితం మీద సంతకం ఎవరిది నాన్నా?"

"ఎవరో వాసు అంట. ఏఈ. కుర్రాడు."

వాసు స్వర్ణలత శిష్యుడు. నాలుగేళ్ళ కిందట కాలేజీ వదిలాడు. ఆవిడ పేపర్లో తొంభై రెండు మార్కులు.

ఆదివారం ఆరాధన అయ్యాక వంతెన దగ్గరికి రమ్మని వాసుకు ఫోను చేసింది. సెలవురోజున ఏ ఏఈ వస్తాడు? మేడం పిలిచింది కాబట్టి వచ్చాడు, ఆ మాత్రం విశ్వాసం ఉన్నవాడు. బైకు స్టాండు వేసి, చంకలో ఫైలు పెట్టుకుని నిలబడ్డాడు. శోభనాద్రి కూడా వచ్చాడు. డ్రెయిను అవతల పాతికెకరాల ఆసామి, మాటకు ముందు నవ్వే మనిషి, ఆ నవ్వుతోనే పనులన్నీ జరిపించుకుంటాడు. మందిరం నుంచి ఇంటికెళ్తున్న రత్నకుమారీ, ఆవిడ ముఠాలో ఆడవాళ్ళూ తమాషా చూడ్డానికి గట్టుమీద ఆగారు.

"ఏమ్మా స్వర్ణలతా, మీ నాన్న చాదస్తం నీకూ అంటుకుందా?" అన్నాడు శోభనాద్రి.

"అంటుకుంది బాబాయిగారూ. మంచి చాదస్తమే కదా అని ఉంచుకున్నాను."

వంతెన పెద్దదేం కాదు. ఈ గట్టుమీద దూలానికి ఒక ఆనుడు గోడ, ఆ గట్టుమీద ఒకటి, నడుమ నీళ్ళలో ఒక స్తంభం. మూడింటి మీదా ఒకటే దూలం. నిరుడు ఎండాకాలం డ్రెయిన్లో పూడిక తీస్తూ పొక్లెయినువాడు స్తంభం మొదలుదాకా గీరిపారేశాడు. ఇప్పుడు వానాకాలపు నీళ్ళు ఆ గుంటలో సుడి తిరుగుతున్నాయి. మట్టి ఎవరి మాట వింటుంది?

"మేడం, సాఫ్ట్‌వేర్లో చేశాం. అన్నీ లిమిట్లోనే ఉన్నాయి" అని వాసు ఫైలు తెరిచాడు. లోపల రంగురంగుల బొమ్మలు. ఎర్రరంగు ఎక్కడా లేదు, అంతా పచ్చగా కళ్యాణంలా ఉంది.

"అది తరవాత. పగులెక్కడుంది?"

"స్తంభం పక్కనే మేడం. దూలం కింద."

"కిందా? స్తంభం మీద దూలానికి పగులొస్తే ఎక్కడ రావాలి? నీకు తొంభై రెండు వేశాను, చెప్పు."

"పైన రావాలి మేడం. అక్కడ దూలం పైకి ఉబ్బుతుంది, పైభాగం సాగుతుంది. అందుకే కడ్డీలు కూడా పైనే వేస్తాం."

"మరి కిందెందుకొచ్చింది?"

గట్టుమీంచి రత్నకుమారి అందుకుంది. "అదేం బ్రహ్మవిద్యా? వెదురుబొంగు ముగ్గురం భుజాన పెట్టుకున్నామనుకో, నడిమిది మోకాళ్ళు వంచిందనుకో, బొంగు దాని నెత్తినే దిగబడుద్ది. మోసేదాని మీద ఉబ్బుద్ది, దొంగపని చేసేదాని మీద దిగుద్ది." ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. రత్నకుమారి చదివింది మూడో తరగతి. ఆ ముక్క చెప్పడానికి ప్రభుత్వం ఆఫీసు, జీపు, డ్రైవరు పెట్టి నలుగుర్ని పోషిస్తోంది.

స్వర్ణలత కొంగు బిగించింది. ఫైలు లాక్కుంది. రంగుల పేజీలన్నీ తిప్పేసి, ఎవరూ చదవని రెండో పేజీ దగ్గర ఆగింది. అక్కడ ముందుగా కంప్యూటరుకు ఏం చెప్పారో ఉంటుంది. మొదటి ఆనుడు కిందికి జరిగింది సున్నా. నడిమిది సున్నా. మూడోది సున్నా.

"నడిమిది సున్నా అని ఎవరు చెప్పారయ్యా నీకు? మా నాన్న నీకు రెండంగుళాలని చెప్పలేదూ?"

"చెప్పారు మేడం. కానీ..."

"కానీ ఏమిటి? లుంగీ కట్టుకున్నవాడు చెబితే అంకె కాదా?"

వాసు ముఖం మాడిపోయింది. ఉండబట్టలేక అనేశాడు. "మీరే కదా మేడం చెప్పారు! సపోర్టు దగ్గర జరగడం ఉండదు, దాని అడ్డవరుసా నిలువువరుసా కొట్టేసి మిగిలింది సాధించమని. పదిసార్లు చెప్పారు. సపోర్టు కుంగితే ఏం చెయ్యాలో ఆ చాప్టరు... మీరు ఛాయిస్‌లో వదిలెయ్యమన్నారు."



నిజమే. ఆ ఏడు ప్రిన్సిపాలు పిలిచి, పాసు శాతం పడిపోతే కాంట్రాక్టు లెక్చరర్లనే ముందు చూసుకోవాల్సొస్తుందన్నాడు. కుంగిన సపోర్టు లెక్క నాలుగు పేజీలు పడుతుంది. పరీక్షలో దాని బదులు రాసుకోవడానికి ఇంకో ప్రశ్న ఉంటుంది. "ఇది వదిలెయ్యండి, అది రాయండి" అని ఆవిడే, తన నోటితోనే, అరవైమంది ముందు అంది. నీళ్ళ ట్యూబు కొన పట్టుకుని పెరిగిన పిల్ల అంది ఆ మాట. ప్రిన్సిపాలు మీద కోపం రాలేదా అంటే వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ బోర్డు ముందు నిలబడి చెప్పిన నోరు ఎవరిది?

"ఇటు కూర్చో" అంది వాసుతో.

ఇద్దరూ వంతెన పిట్టగోడ మీద కూర్చున్నారు. అదే కాగితం వెనకవైపు ఆవిడ గీతలు గీసింది. కుంగిన చోటి వరుసను కొట్టెయ్యలేదు. తెలియని అంకెల్ని ఒక పక్క ఉంచి, నడిమి స్తంభం నిలువువరుసలోని అంకెల్ని రెండంగుళాలతో హెచ్చవేసి రెండో పక్కకు తీసుకొచ్చింది. వాసు ఫోన్లో కూడికలు చేస్తూ పోయాడు. ముప్పావుగంట పట్టింది. మధ్యలో మోషే రెండుసార్లు లేచి మళ్ళీ ట్యూబు పెట్టి చూసొచ్చాడు, నమ్మకం లేక కాదు, ఊరికే కూర్చోలేక.

చివరి అంకె దగ్గర వాసు వేలు ఆగిపోయింది. స్తంభం దగ్గర దూలం ఉబ్బడం లేదు. దిగుతోంది. కింద కడ్డీలు నామమాత్రంగా ఉన్నచోట దిగుతోంది. ట్రక్కు బరువు ఇంకా కలపనే లేదు.

"వంతెన మూసెయ్యాలి మేడం."

"మూసేస్తే ఎలాగయ్యా?" శోభనాద్రి నవ్వు మొదటిసారి ఆగింది. "నారు తీసి కట్టలు కట్టించాను. కాలవ లాకు వంతెన మీదుగా తిరిగి రావాలంటే ఆరు కిలోమీటర్లు. పన్నెండేళ్ళుగా నిలబడ్డ వంతెన ఒక్కరోజు నిలబడదా? మీ ఆఫీసు కాగితమే ఫరవాలేదంటోంది."

"ఆ కాగితం తప్పు బాబాయిగారూ" అంది స్వర్ణలత.

"నిన్న ఒప్పు, ఇవాళ తప్పు. వీడు ఇంకో కాగితం రాస్తే రేపు వీడి పై ఆఫీసరు ఊరుకుంటాడా? పాపం కుర్రాడి ఉద్యోగం."

ఆ మాట మాత్రం సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. వాసు కలం తీశాడు గాని చెయ్యి కాగితం దాకా రాలేదు. పెళ్ళయి ఏడాది కాలేదు వాడికి.

స్వర్ణలత ఆ కలం కూడా లాక్కుంది. లెక్క కింద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసింది. "ఈ వంతెన నడిమి స్తంభం కుంగింది. మొదటి లెక్కలో కుంగలేదని పెట్టారు. అలా పెట్టడం ఈ ఇంజనీరుకు నేర్పింది నేనే. కుంగినప్పుడు ఏం చెయ్యాలో నేర్పకుండా వదిలేసిందీ నేనే. వెంటనే రాకపోకలు ఆపాలి." కింద తన పేరు, డిగ్రీలు, కాలేజీ పేరు, సంతకం.

"అమ్మాయ్, కాలేజీ పేరెందుకే?" అన్నాడు మోషే నెమ్మదిగా.

"అక్కడే కదా నాన్నా నేర్పింది."

వాసు ఆ సంతకం పక్కనే తనదీ పెట్టి, తేదీ వేసి, ఫోటో తీసి పై ఆఫీసరుకు పంపాడు. పొద్దుగుంకే లోపల మోషే, ఇంకో ఇద్దరు కలిసి రెండు చివర్లా తుమ్మకంపలు లాగి, తాటిమొద్దులు అడ్డం వేశారు. శోభనాద్రి వెళ్తూ వెళ్తూ, "చదువుకున్నవాళ్ళు ఊరికి రాకపోతేనే మంచిది" అని గాలికి చెప్పి పోయాడు. గాలికి చెప్పినా వినపడాల్సినవాళ్ళకు వినపడింది.

సోమవారం పొద్దున ఆరుగంటలకు ముఠా తాటిమొద్దుల దగ్గర నిలబడింది. ట్రక్కు అవతలికి పోదు, లాకు దారి దానికి ఇరుకు. నారు కట్టలు లాకు మీదుగా చిన్న ఆటోలో పంపుతానని, మనుషులు నడిచి రావాలని శోభనాద్రి కబురు. నిన్న గొల్లున నవ్విన ఆడవాళ్ళే ఇవాళ నోరు విప్పారు. మనుషులంతే. నిన్నటి న్యాయం నిన్నటిది, ఇవాళ్టి కాళ్ళనొప్పి ఇవాళ్టిది.

స్వర్ణలత కాలేజీకి సెలవు పెట్టి వాళ్ళతో బయల్దేరింది.

"నీ లెక్క నీకు బాగానే ఉంది తల్లీ. తొక్కేది మా కాళ్ళు" అంది ఒకావిడ.

"పొక్లెయిను పెట్టి స్తంభం తవ్వినోడు సుఖంగా పడుకున్నాడు, మేం నడుస్తున్నాం" అంది ఇంకొకావిడ.

"ఎప్పటికి బాగుచేస్తారంట?"

"ఎస్టిమేటు వెయ్యాలంట పిన్నీ" అంది స్వర్ణలత.

"అంటే సంక్రాంతికా, మళ్ళీ నాట్లకా?"

ఏ పట్టీలోనూ ఇమడని లెక్క అది. కట్టినవాడికి బిల్లవుతుంది, తవ్వినవాడికి బిల్లవుతుంది. కుంగిందని చెప్పినవాళ్ళకు మాత్రం తిట్లవుతాయి. ఆవిడ ఆ మాట పైకి అనలేదు, అంటే మళ్ళీ దానికో తిట్టు. లాకు దగ్గరికొచ్చేసరికి చెప్పు తెగింది. చేత్తో పట్టుకుని నడిచింది.

చేను చేరేసరికి ఏడున్నర దాటింది. రత్నకుమారి చీర ఎగ్గట్టి బురదలో దిగబోతూ వెనక్కి తిరిగింది.

"రేపు కూడా రావే. తిట్టుకోడానికి మనిషుంటే దూరం తెలీలేదు."

"రేపు కాలేజీ ఉంది పిన్నీ. వెళ్ళకపోతే ఉన్నదీ ఊడుద్ది. అసలు ఊడిందో లేదో వెళ్తేగాని తెలీదు."

"అయితే ఆ ఏఈ కుర్రోణ్ణి పంపు."

మంగళవారం ఉదయం ఆరింటికి తాటిమొద్దుల దగ్గర వాసు నిలబడి ఉన్నాడు. జేబులో పై ఆఫీసరిచ్చిన మెమో ఉంది. బైకు అక్కడే వదిలేసి, నలభైమంది వెనక ఆరు కిలోమీటర్లూ నడిచాడు.