అమ్మ అన్న ఆయ్

కక్ష మంచిది కాదంటారు. నన్ను మాత్రం ఈ ఏడాదిగా అదే నిలబెట్టింది.

బండారులంకలో మా ఇంట్లో అమ్మ గుంట మగ్గం మీద చీరలు నేసేది. ఎన్నో ఏళ్ళుగా షుగరు. ఒకరోజు గుంటలో కాలితో తొక్కే చెక్కకున్న మేకు పైకి లేచి అరికాల్లో దిగింది. అమ్మకి తెలియనే లేదు. షుగరు అంతకుముందే ఆ పాదంలో స్పర్శ తినేసింది.

ఆ వారమే నెల మందులకని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు.

"మామ్మగారూ, మందులు వేసుకుంటున్నారా?"

"ఆయ్."

"కాళ్ళు బాగానే ఉన్నాయా?"

"ఆయ్."

బాగున్నాయని రాసేసుకున్నారు. మా వైపు పెద్దవాళ్ళు డాక్టరు ఎదట కాదు అనరు. ఆయ్ అంటే "విన్నానండీ" అని, అంతే. ఆయనా గోదావరి నీళ్ళు తాగిన మనిషే, ఆ మాత్రం తెలియదా? నేనూ పక్కనే ఉన్నాను. చెప్పులు విప్పి చూపించమని నేనూ అనలేదు. నా మీద నాకున్న ఆ కోపం కూడా తీసుకెళ్ళి ఆయన మీదే వేశాను.

చీము పట్టి, నెల తిరక్కుండా ఆ పాదం తీసేశారు. అమ్మ మగ్గం వైపు చూడడమే మానేసింది. రెండో కాలు దక్కించుకోవాలి, ఆయన్ని వదలకూడదు. నాకు ఆ రెండే పట్టుకున్నాయి.

తర్వాత మందులిచ్చే రోజున మా వీధిలో షుగరున్న ముసలివాళ్ళందరినీ రెండు ఆటోల్లో ఎక్కించాను. దారంతా ఒకటే పాఠం: లోపల ఎవరూ ఆయ్ అనకూడదు, చెప్పులు విప్పి కాళ్ళు బల్ల మీద పెట్టాలి.

"డాక్టరుగారి ఎదట కాళ్ళు చాపుతామేంటమ్మా, తప్పు కదూ?" అని ఓ తాతగారు నొచ్చుకున్నారు.

"తప్పేనండీ. అందుకే పెట్టమంటున్నాను."

మొదట అమ్మ కాలు, మిగిలిన ఆ ఒక్కటీ. డాక్టరుగారు దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూశారు. కుర్చీ వెనక్కి జరిపి, చేతులకి తొడుగులు వేసుకుని, వంగారు. ఆ వంగిన మెడ చూస్తే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! తాతగారి కాలివేళ్ళ సందున తనకే తెలియని పుండు బయటపడింది.

అప్పట్నుంచి ప్రతి నెలా ఇదే తంతు. ఇప్పుడు మేం వెళ్ళేసరికి ఆయనే స్టూలు వేయించి ఉంచుతున్నారు. మొన్న అమ్మ కాలు ఇటూ అటూ తిప్పి చూసి, "బావుందండీ" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, మెల్లిగా అడిగారు.

"నా మీద కోపం తగ్గిందా అండీ?"

"ఆయ్," అన్నాను.

కావాలంటే అదీ రాసుకోవచ్చు.