మూత తీయని సీసా

నా చిన్నప్పుడు ఒక మందుల షాపాయన మీద వచ్చిన కోపం ఇంకా దిగలేదు. దిగనివ్వను కూడా.

మాది మొయినాబాద్ దగ్గర చిన్న మంగళారం అనే ఊరు. ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చిలో నేనొక్కదాన్నే నిలబడి పాడాలి. సరిగ్గా వారం ముందు సర్ది పట్టి గొంతు పూడుకుపోయింది. నా ఏడుపు పడలేక మా అవ్వ, అంటే నాన్నమ్మ, నన్ను చేవెళ్ల తీసుకెళ్లింది. షాపాయన సిరప్ సీసా ముందు పెట్టి, "ఇది తాగకుంటే బిడ్డ గొంతు రాదు, నీ ఇష్టం" అన్నాడు. పిల్లను బెదిరించి మందు అమ్ముకోవడం ఏం బతుకో. అవ్వ ఆ సీసా కొని సంచిలో వేసుకుంది.

ఆ రోజు నుంచి పూటపూటకూ అవ్వ లోపలి నుంచి మూతలో పోసి తెచ్చి ఇచ్చింది తాగాను. గొంతు మండేది, వెనకాలే కాస్త ఆముదం వాసన వచ్చేది. ఇంత పాడుగా ఉందంటే గట్టి మందేనని నమ్మాను. ఆరో రోజుకు గొంతు తెరుచుకుంది. పండుగ నాడు పాడాను.

తర్వాత అవ్వతో చేవెళ్లలో వారం వారం జరిగే అంగడికి వెళ్లినప్పుడు షాపాయన నన్ను చూసి, "చూసిన్రా, నా మందు ఎట్ల పనిచేసిందో" అని పదిమందికీ చెప్పాడు. నేనూ తలాడించాను. అవ్వ సంచిలోంచి ఆయనిచ్చిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూతకు సీలు కూడా ఊడలేదు.

"పిల్ల తాగింది బెల్లం, మిరియాల నీళ్లు. ఆముదం సీసా కడిగి అండ్ల పోసిన. అది గూడ మందు గాదు, ఉత్తగ గొంతు తడుపుకోనీకి. సర్ది వారముండి అదే పోతది. నీ మందు ఏం జేసిందో జర చెప్పు."

ఆయన సిగ్గుపడలేదు. "తగ్గింది గద, ఇంక ఫికర్ ఏంది అవ్వా" అని నవ్వి, అదే సీసాను మా వెనకాల దగ్గుతున్న పాపతో నిలబడ్డ ఆమెకు అమ్మేశాడు.

నన్ను మోసం చేసిందని బస్సులో అవ్వతో మాట్లాడలేదు. బస్సు దిగేసరికి ఆ కోపం ఎవరి మీద ఉండాలో తెలిసింది.

పోయిన వారం మనవరాలికి ముక్కు దిబ్బడ వేస్తే కోడలు చేవెళ్ల నుంచి గోలీలు తెచ్చింది. నేనే వాటిని అమ్మిన షాపుకు వెళ్లి, ఇవి నిజంగా పనిచేస్తాయా అని అడిగాను. "అందరు తీస్కపోతున్నరు గదమ్మా" అన్నాడు అక్కడున్నాయన. నేనడిగింది అది కాదు.

వేడినీళ్లు తాగిస్తూ పిల్ల పక్కనే కూర్చున్నాను. ఆరో రోజుకు ముక్కు తెరుచుకుంది. ఒక్క గోలీ కూడా తీయని ఆ అట్ట నా సంచిలో ఉంది. రేపు చేవెళ్ల అంగడి. పొద్దున్నే, షాపు ముందు జనం ఉన్నప్పుడే వెళ్తాను.