దేవకమ్మ అరికాళ్ళు

ఫోము అంటించే జిగురు సొల్యూషన్ ఆరిందో లేదో దేవకమ్మ వేలి వెనకవైపుతో చూసేది. ఫోము షీటుకు ఒక పూత, ఇనుప గోడకు ఒక పూత వేసి కాసేపు ఆగాలి. వేలు తిప్పి తాకితే జిగట తెలియాలి గానీ తీగ సాగకూడదు. అప్పుడు అతికించి అరచేత్తో ఒత్తాలి. తొందరపడితే నడిసముద్రంలో షీటు ఊడి వస్తుందని మేస్త్రి వెంకటముని బెదిరించేవాడు. మాలో సముద్రం చూసినవాళ్ళే తక్కువ. రేణిగుంట దాటాక ఒక షెడ్డులో ఓడలకు చల్లగదులు చేసేవాళ్ళం. గదంటే లారీ మీద పట్టేంత ఇనుప పెట్టె. కిటికీ ఉండదు, తలుపు ఒక్కటే. చల్లదనం పోకుండా లోపల అన్నివైపులా ఫోము అతికించాక మద్రాసు హార్బరుకు పోతుంది. ఓడవాళ్ళు అందులో చేపలూ మాంసమూ పెట్టుకుంటారు.

దేవకమ్మది తిరుపతి. మొగుడు పోయాక ఈ పనికి వచ్చింది. మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం. గంగమ్మ జాతరలో డప్పు మొదలైతే ఆమె మీదికి అమ్మ వచ్చేది. అప్పుడు ఆమె అరికాళ్ళు మండిపోయేవి. జనం బిందెలతో పసుపునీళ్ళు పోసేవాళ్ళు. ఒక ఏడు నేనూ పోశాను. చెయ్యి తగిలితే పాదం పొయ్యి మీది పెనంలా ఉంది. మర్నాడు ఏమీ జరగనట్టు పనికి వచ్చి బ్రష్షు పట్టుకుంది.

"నిన్న ఏమేమి సెప్పినావో గుర్తుండాదా అక్కా?" అని అడిగాను.

"సెప్పింది నేనైతే గదప్పా గుర్తుండేది" అంది.

రెండువేల ఒకటిలో, పెరటాసి నెల. మా పక్క ఆ నెల శనివారాలు ఏడుకొండలవాడివి. ఆ శనివారం అందరం నామాలు పెట్టుకుని, ఒక్కపొద్దు ఉండి పనికి వచ్చాం. పొద్దుటి నుంచి వాన. జల్లు తగిలితే సొల్యూషన్ పాలలా తెల్లబడి పట్టు పోతుంది. అందుకని వెంకటముని పెట్టె తలుపు మూసేశాడు. లోపల చెంగయ్య ఒక్కడే పైకప్పుకు పూత వేస్తున్నాడు. కాలి మీద రేకు పడినా గట్టిగా అరవని మనిషి చెంగయ్య.

అలాంటివాడు లోపలినుంచి "గోవిందా!" అని కేక పెట్టాడు. పెట్టె గంటలా మోగింది.

పరుగెత్తి తలుపు తీశాం. చెంగయ్య నవ్వుతున్నాడు. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. నేను చేతులు జోడించాను.

"సామి వచ్చినాడ్రా! శనివారం పూట మన షెడ్డుకే వచ్చినాడు!" వెంకటముని లోపలికి పోయి సాగిలపడ్డాడు. "సామీ, నీకేం కావాలో అడుగు సామీ!"

"గాలి..." అన్నాడు చెంగయ్య. "గాలి..."

"సామికి ఇసరండ్రా!"

నేను ఫోము ముక్క తీసుకుని విసిరాను. చెంగయ్య మళ్ళీ నవ్వాడు. గోడకు ఆనుకుని మెల్లగా జారి కూర్చున్నాడు. వెంకటముని కర్పూరం పళ్ళెం తెమ్మని కేక వేశాడు.

బయట షీట్లు కోస్తున్న దేవకమ్మ ఆ కేక విని వచ్చింది. వంగి చెంగయ్య అరికాలికి వేలి వెనకవైపు ఆనించింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఒరే మునీ, ఇది సామి గాదురా. వీడికి సొల్యూషన్ వాసన తలకెక్కినాది. కాళ్ళు సల్లగా ఉండాయి, పెదాలు నల్లబడినాయి. బయటికి ఈడ్సండి, సచ్చిపోతాడు!"

"నోరు ముయ్యి దేవకక్కా. గంగమ్మ ఎట్లాగూ నీ సొత్తే, ఏడుకొండలోడు గూడా నీ సొత్తేనా? ఇంగొకరి మీదికి సామి వస్తే ఓర్సుకోలేవా?"

"అగ్గిపెట్టి తియ్యొద్దురా, నీకు దండం పెడతా!"

వెంకటముని అప్పటికే జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. సొల్యూషన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుందని, షెడ్డులో ఎవడైనా బీడీ ముట్టిస్తే చెంప పగలగొట్టే మనిషి అతను. హారతి మాత్రం అతని లెక్కలో నిప్పు కాదు. మా లెక్కలోనూ కాదు. అక్కడున్న ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

దేవకమ్మ మా ముఖాలు చూసింది. ఒక్కరమూ కదల్లేదు. అప్పుడామె చేయి వెనక్కి పోయింది. కొప్పు ఊడదీసింది. జుట్టు ముఖం మీద పడింది. ఆమె గొంతులోంచి వచ్చిన అరుపుకు నా చేతిలో ఫోము ముక్క కింద పడిపోయింది.

"ఎవుర్రా మా అన్నని ఇనప డబ్బాలో నిలబెట్టింది!"

గంగమ్మ ఏడుకొండలవాడి చెల్లెలని తిరుపతిలో పసిపిల్లలకు కూడా తెలుసు. వెంకటముని అగ్గిపెట్టె జేబులో దోపుకుని చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది తల్లీ!"

"మోయండ్రా మా అన్నని! వాన కింద పండబెట్టండి! నాకొద్దు మీ హారతి! ఒక్కడు గూడా లోపలుండకూడదు, నడవండి!"

నలుగురం చెంగయ్యను ఫోము షీటు మీద పడుకోబెట్టి ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు మోశాం. వానలో దించాం. దేవకమ్మ అతని తల పక్కకు తిప్పి పట్టుకుంది. వాంతి చేసుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు, మళ్ళీ పీల్చాడు.

కోపంగా ఉన్న అమ్మకు హారతి ఇవ్వకుండా ఉండడం వెంకటముని వల్ల కాలేదు. వద్దన్నా వినకుండా, పెట్టె ముందు షెడ్డు చూరు కింద తడవని చోట నిలబడి అగ్గిపుల్ల గీశాడు.

నేల మీద నీలంగా ఒక గీత పాకింది. పాములా, మెత్తగా, తలుపు వైపు. మరుక్షణం పెట్టె లోపలంతా ఒకేసారి వెలిగింది. పేలిన చప్పుడుకు నా చెవులు గుయ్యిమన్నాయి. వెంకటముని ఎగిరి బురదలో పడ్డాడు. కనుబొమ్మలు లేవు, చేతుల మీద చర్మం పొంగింది. ఇందాక నేను నిలబడి విసిరిన చోట నల్లటి పొగతో ఫోము కారుతోంది. నేను అటే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఎవరో చెయ్యి పట్టి లాగారు.

చెంగయ్య పెద్దాసుపత్రిలో ఉండి బతికి వచ్చాడు. వెంకటముని చేతులు మచ్చలతో మానాయి. అప్పటినుంచీ అతను దేవకమ్మను పేరు పెట్టి పిలవలేదు. కనబడితే చెప్పులు విడిచేవాడు. షెడ్డు గోడకు గంగమ్మ పటం కట్టారు. ఆడవాళ్ళు ఆమె కాళ్ళకు పసుపు రాయబోతే కాళ్ళు ముడుచుకునేది.

ఒకరోజు ఇద్దరమే షీట్లు కోస్తున్నాం.

"అమ్మ రాలేదురా మునసామీ" అంది, తలెత్తకుండా. "ఆ పొద్దు అరిసింది నేనే."

"అయితే ఏమక్కా, ఒక ప్రాణం నిలబెట్టినావు. మా అందరి ప్రాణాలూ" అన్నాను.

"అది గాదురా నా బాధ. ఎట్లా అరవాల్నో నేను ఎతుక్కోలేదు. జుట్టు ఇప్పినాను, గొంతు దానంతట అదే వచ్చేసినాది. అచ్చం అమ్మ గొంతు." కత్తి కింద పెట్టింది. "మరి ఇన్నేండ్లూ వచ్చినదెవురు? అప్పుడు గూడా నేనేనా?"

నేను కోసిన షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చాను.

మరుసటి జాతరకు నన్ను తోడు రమ్మంది. గుడి దగ్గర జనం, వేషాలు, వేపాకు వాసన. డప్పు మొదలైంది. జనం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు. పసుపునీళ్ళ బిందెలు వరసగా పెట్టారు. దేవకమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. డప్పు దగ్గరికొచ్చింది, జోరు పెరిగింది. ఆమె కళ్ళు తెరిచి, నా భుజం పట్టుకుని ఒక కాలు ఎత్తి, అరికాలికి వేలి వెనకవైపు ఆనించి చూసుకుంది. తర్వాత రెండోది.

"సల్లగా ఉండాయి" అంది నాతో.

వెనకనుంచి ఎవరో, "ముందుకు రాండి తల్లీ! వాక్కు సెప్పండి!" అని తోశారు. ఒకామె కాళ్ళ మీద పడింది. ఊఁ అని ఒక్క అరుపు అరిస్తే చాలు. ఎలా అరవాలో ఆమెకు బాగా తెలుసు.

దేవకమ్మ తన కాళ్ళ మీద పడ్డామెను లేవదీసింది. తోపులాటలో విడిపోయిన జుట్టు వేళ్ళతో దువ్వి ముడేసుకుంది.

"నేను ఫోము అంటించే దేవకమ్మనమ్మా. నా మీద ఎవురూ రాలేదు. రోంత జరగండి, నేనూ అమ్మను సూడాల" అని, చేతులు జోడించి వరసలో చివర నిలబడింది.