ఐస్ వేసేదాకా కత్తెర తియ్యదు

"ఒకటో తారీఖున ఎవరూ ఫోన్ చెయ్యకపోతే?"

పోయిన ఏడాది జూన్ నెలంతా మా ఆయన్ని ఈ ఒక్క ప్రశ్నే అడిగాను. పాపకి చిలగడదుంప ముద్ద తినిపిస్తూ అడిగాను, బట్టలు ఆరేస్తూ అడిగాను. ట్రెంట్ మొదట్లో జవాబు చెప్పేవాడు. తర్వాత "చూద్దాం" అనేవాడు. చివరికి చెత్త సంచీ పట్టుకుని కిందికి వెళ్ళిపోయేవాడు, సంచీ సగం ఖాళీగా ఉన్నా సరే.

ట్రెంట్ హాకీ ఆడతాడు. పెద్ద లీగులో కాదు, దానికి రెండు మెట్లు కింద, మా థండర్ బే జట్టు షోర్‌మెన్‌లో, రక్షణ వరసలో. ఆ జూన్ చివరికి అతని కాంట్రాక్ట్ అయిపోతుంది. జూలై ఒకటి మధ్యాహ్నం నుంచి కాంట్రాక్ట్ లేని ఆటగాణ్ణి ఏ జట్టయినా తీసుకోవచ్చు. ఆ రోజు దేశమంతా జెండా పండగ చేసుకుంటూనే ఒక చెవి రేడియోకి అప్పగిస్తుంది. ఆటగాళ్ళ ఇళ్ళలో రెండు చెవులూ ఫోన్ దగ్గరే ఉంటాయి.

అంత భయం ఎందుకంటే, వసంతంలో ఆఖరి మ్యాచ్‌లో ట్రెంట్ మా గోలు వెనకాల పక్‌ని, అంటే హాకీ ఆడే రబ్బరు బిళ్ళని, జారవిడిచాడు. అవతలివాడు దాన్ని అందుకుని లోపలికి కొట్టాడు. మా సీజన్ అక్కడితో సరి. ఆనాటి నుంచి ఊళ్ళో అందరికీ అతని మీద ఒక అభిప్రాయం ఉంది. ఫోన్‌లో వాళ్ళు రాసినవన్నీ నేను చదివేదాన్ని. నేను నగర నీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టుని. ఒకే కుళాయి కింద వంద సీసాలు పట్టినా తెలిసేది ఆ ఒక్క కుళాయి సంగతేనని కొత్తవాళ్ళకి నేర్పించేది నేనే. అయినా ప్రసూతి సెలవులో ఇంట్లో కూర్చుని, ఒకే తప్పు గురించిన ఆ వంద సీసాలూ నేనే తాగాను.

మేము అద్దెకున్నది ముమ్ము ఇంటి పై అంతస్తులో. ముమ్ము అంటే మా ఊరి ఫిన్నిష్ ఇళ్ళలో నానమ్మ, అమ్మమ్మ. ఆమె అసలు పేరు లెంపి రౌటియో. పిల్లల్లేరు, అయినా హాకీ చూసేవాళ్ళందరికీ ఆమె ముమ్మే, ఎందుకంటే షోర్‌మెన్ జెర్సీల వీపుల మీద పేర్లు కుట్టేది ఆమె. జట్టువీ ఆమే కుడుతుంది, అభిమానులవీ ఆమే కుడుతుంది. కింది గదే కొట్టు.

ఆమె తండ్రి ఫిన్లండ్ నుంచి అడవులు కొట్టడానికి వచ్చాడు. తల్లి ఆ కూలీలకి వండిపెట్టేది. లెంపి పదహారేళ్ళకి కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. "ఎడమ చేతులు కుట్టడమే నా పని. కుడి చేతులు ఎవరు కుట్టేవాళ్ళో ఈ రోజుకీ నాకు తెలీదు" అని చెప్పి తనే నవ్వుతుంది. ఆమె పెళ్ళాడిన ఉర్హో, హాకీ ఆడే రింకులో ఐస్ చదునుచేసే బండి నడిపేవాడు. పేర్లు కుట్టే మనిషి ఒక ఏడాది సీజన్ మధ్యలో మానేస్తే, ఉర్హో ఒక చేతిలో జెర్సీలూ ఇంకో చేతిలో అక్షరాలూ పట్టుకుని ఇంటికొచ్చాడు. అలా మొదలైన పని అతను పోయాక కూడా ఆగలేదు.

ముమ్ము మెత్తటి మనిషేమీ కాదు. పేకాటలో దొంగాట ఆడుతుంది, పట్టుబడితే తప్పు కళ్ళజోడు మీదకి నెడుతుంది. చల్లారిన కాఫీ ఇస్తే సింకులో పోస్తుంది. శనివారం సాయంత్రం పెరట్లో సౌనా, అంటే ఆవిరి స్నానాల చెక్క గది, వేడెక్కిస్తే ఆడవాళ్ళం ముందు, మగవాళ్ళు తర్వాత. ఆ వరస మారదు.

మారనిది ఇంకొకటి ఉంది. ఏప్రిల్‌లో రింకులో ఐస్ కరిగిస్తారు. ఆగస్టు చివర్లో మళ్ళీ నీళ్ళు పోసి, గడ్డకట్టించి, తెల్లరంగు వేసి, గీతలు గీస్తారు. ఈ మధ్యలో ముమ్ము ఒక్క పేరు కుట్టదు, కత్తెర తీసి ఒక్క పేరు విప్పదు. జిప్పులు వేస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. పేర్ల జోలికి మాత్రం పోదు. ఐస్ లేనప్పుడు ఉర్హోకి పని ఉండేది కాదు, ఇద్దరూ సరస్సు ఒడ్డున క్యాంపుకి, అంటే వేసవి గుడిసెకి, వెళ్ళిపోయేవాళ్ళు, మిషన్ మీద దుప్పటి కప్పేవాళ్ళు. అలవాటు అక్కడ పుట్టింది. ఇప్పుడు క్యాంపు అమ్మేశారు, అలవాటు మిగిలింది.

జూలై ఒకటిన ఏ జట్టూ ఫోన్ చెయ్యలేదు. మా అమ్మ ఒక్కసారి చేసింది, పాపకి జ్వరం తగ్గిందా అని. సాయంత్రం రేడియోలో, పడమటి నుంచి కాల్డర్ ఫిస్క్ అనే ఆటగాణ్ణి మా జట్టు తీసుకోబోతోందని చెప్పారు. అతను ఆడేది కూడా ట్రెంట్ ఆడే చోటే.

ఆ వారంలోనే ఒక పొద్దున మా పాప టెస్సాని ఎత్తుకుని కిందికి వెళ్ళాను. ముమ్ము దాన్ని నేల మీద దుప్పట్లో కూర్చోబెట్టి నమలడానికి కొలతల టేపు ఇచ్చింది. అప్పుడే లార్న్ పెట్రిషిన్ వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరయినవాడు, రేడియోలో హాకీ కార్యక్రమానికి ప్రతి వారం ఫోన్ చేసేవాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. నేనెవరో అతనికి తెలీదు. బల్ల మీద జెర్సీ పరిచాడు. వీపు మీద మా ఇంటిపేరు, వాండర్‌హూఫ్.

"ముమ్మూ, ఇది పీకేసి ఫిస్క్ అని కుట్టాలి."

"ఐస్ వేశారా?"

"జూలైలో ఐస్ ఏంటి ముమ్మూ."

"మరి జూలైలో నా దగ్గరికి రావడమేంటి."

"పది అక్షరాలు పోయి నాలుగు వస్తాయి. మీకే సుఖం."

"సంతకం పెట్టాడా ఆ ఫిస్క్?"

"పెట్టినట్టే. మా బావమరిది చెప్పాడు."

"పెట్టినట్టేకి నా దగ్గర దారం లేదు."

లార్న్ ఊరుకోలేదు. వాండర్‌హూఫ్ ఎడమకి తిరిగేలోపు తను మెట్లు దిగి కాఫీ తెచ్చుకుని మళ్ళీ సీట్లో కూర్చోవచ్చన్నాడు. ముమ్ము నవ్వింది. "అది నిజమేలే" అంది. నా చెవులు వేడెక్కాయి. అప్పుడు గడ్డంతో నా వైపు చూపించి, ఏమీ ఎరగనట్టు చెప్పింది.

"ఈ అమ్మాయి అతని భార్య. ఆ టేపు నములుతున్నది అతని కూతురు."

లార్న్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పాప ముద్దుగా ఉందన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పాకుతోందా అని అడిగాడు.

"ఎడమకీ లేదు, కుడికీ లేదు" అన్నాను. పది నెలలు నిండినా టెస్సా కూర్చున్న చోటి నుంచి కదిలేది కాదు. అది నా రెండో భయం.

అతను జెర్సీ చుట్టుకుని వెళ్ళిపోయాక ముమ్ముని నిలదీశాను. అతని ముందు ట్రెంట్‌ని అంత మాట అనడం ఏం బావుందని అడిగాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ తలెత్తలేదు.

"ఎడమకి నెమ్మదే కదా. మొన్న శనివారం అతనికీ చెప్పాను. నోరు ఐస్ కోసం ఆగక్కర్లేదమ్మాయ్, కత్తెరే ఆగాలి."

లార్న్ ఆగలేదు. వేరే ఊరి కొట్టులో ఫిస్క్ పేరు కుట్టించుకున్నాడని తర్వాత విన్నాం. జూలై నడిచింది. ట్రెంట్ పొద్దున్నే పరుగుకి వెళ్ళి వచ్చి, పగలంతా ఫోన్‌ని బోర్లా పెట్టి కూర్చునేవాడు. ఏజెంటు దగ్గర నుంచి కబురు లేదు. గ్వెల్ఫ్‌లో మా అక్క భర్తకి గోదాముల వ్యాపారం ఉంది, ట్రెంట్‌కి పని ఇస్తానన్నాడు. నేను రాత్రికి రాత్రే అంతా ఆలోచించేసుకున్నాను. ఆట మానెయ్యాలి, ఇల్లు ఖాళీ చెయ్యాలి, నా ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి. ట్రెంట్‌కి చెప్తే "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట అని, మూలనున్న తన స్కేటు బూట్ల మీద గుడ్డ కప్పాడు. అతను ఒప్పుకున్నాడనే అనుకున్నాను నేను.

మర్నాడు ముమ్ము వాకిట్లో బ్లూబెర్రీలు ఏరుతూ ఉంది. ఆకులు ఒక పక్కకి, పండ్లు ఒక పక్కకి. పక్కన కూర్చుని చెప్పాను, ఆగస్టు చివరికి ఇల్లు ఖాళీ చేస్తామని.

"ఎక్కడ తీసుకున్నారు అతన్ని?"

"ఎక్కడా తీసుకోలేదు. అందుకే."

చేతిలో ఉన్న గుప్పెడూ ఏరి బుట్టలో వేసింది. తర్వాత వేళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి ఒక పాత జెర్సీ తెచ్చింది. ఎవరిదో, పేరు విప్పేసినది. దాన్ని ఎండకేసి పట్టింది. అక్షరాలున్న చోటల్లా సూది కన్నాలు, వాటిలోంచి వెలుగు. పేరు లేదు గాని చదువుకోవచ్చు.

"విప్పడం ఎంతసేపు? గుడ్డకి కన్నాలు మిగిలిపోతాయి. వాటి మీద ఇంకో పేరు కుడితే మళ్ళీ కన్నాలు. మూడోసారికి చిరుగుతుంది. అందుకే నేను ఒకసారే విప్పుతాను, ఎవరున్నారో ఎవరు లేరో ఐస్ మీద చూశాక."

ఇది జెర్సీ కాదు మా బతుకు అన్నాను.

"నాకు తెలిసింది జెర్సీలే" అంది. "నువ్వు చెప్పింది నాకు వినపడలేదు. ఐస్ వేశాక మళ్ళీ వచ్చి చెప్పు. అప్పుడు మంచాలు దించడానికి నేను కూడా ఒక చెయ్యి వేస్తాను."

బుట్ట నా ఒళ్ళో పెట్టింది. ఇద్దరం ఏరాం. ఆ రోజు రాజీనామా రాయలేదు. తర్వాతి రోజూ రాయలేదు. నమ్మకం కుదిరి కాదు. ఇంటావిడే వినననేసరికి ఎవరికి చెప్పాలో తెలియక.

ఆగస్టు మొదట్లో ఫిస్క్ ఇంకో ఊరి జట్టుకి సంతకం పెట్టాడు. రేడియోలో మా జట్టు యజమానుల్ని తిట్టారు. ట్రెంట్‌ని పిలవమని మాత్రం ఎవరూ అనలేదు. ఇంకో రెండు వారాలకి మా రక్షణ ఆటగాడొకడు క్యాంపులో పడవ మోస్తూ నడుం పట్టేసుకున్నాడు.

షోర్‌మెన్ నుంచి ఫోన్ వచ్చింది శనివారం సాయంత్రం. ట్రెంట్ సౌనాలో ఉన్నాడు. మోగుతున్న ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరుగెత్తి చెక్క తలుపు బాదాను. ఆవిరి పొగ మధ్యలోంచి తువ్వాలు చుట్టుకుని వచ్చి, తడిచేత్తోనే అందుకున్నాడు. గడ్డిలో చెప్పుల్లేకుండా నిలబడి "ఊఁ, ఊఁ" అన్నాడు. ఒక్క సీజనే, కిందటిసారి కన్నా తక్కువ జీతానికే. అయినా ఊఁ అన్నాడు. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుని ముఖానికి తువ్వాలు కొస అడ్డం పెట్టుకున్నాడు. నీ ఇష్టం అన్ననాడు అతను ఒప్పుకోలేదని, నాకు అడ్డం చెప్పలేకపోయాడని అప్పుడు అర్థమైంది.

పెరట్లో కూర్చున్న ముమ్ము కుర్చీలోంచి లేవలేదు. "తలుపు వెయ్యి, వేడంతా పోతోంది" అంది. తర్వాత కాఫీ ఊదుకుంటూ, "ఎడమ సంగతి అడిగారా?" అంది.

ట్రెంట్ నవ్వాడు. ఆ వేసవిలో అదే మొదటిసారి.

ఐస్ వేసిన వారం లార్న్ వచ్చాడు. జెర్సీ వీపు మీద ఏ పేరూ లేదు. పాత అక్షరాలు రొట్టె సంచీలో ఉన్నాయి. ముమ్ము గుడ్డని దీపానికి ఎదురుగా పట్టుకుని చూసింది. వాండర్‌హూఫ్ కన్నాలు, వాటి మీద ఫిస్క్ కన్నాలు.

"ఎవరు విప్పారిది?"

"మా ఆవిడ. గడ్డం బ్లేడుతో."

 ముమ్ము గుడ్డకి లోపల అతుకు వేసి, మొదటి అక్షరాన్ని దాని పాత కన్నాల మీదే సరిగ్గా అమర్చి మిషన్ తొక్కింది. లార్న్ నా వైపు తిరిగి, వాండర్‌హూఫ్‌ని ఉంచుకోవాలని తను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు. చాలా గంభీరంగా అన్నాడు. నేను అవునన్నాను. దుప్పట్లో ఉన్న టెస్సా ఆ మధ్యాహ్నమే పడిపోయిన దారపు ఉండ కోసం ముందుకి వంగి, ఒక మోకాలు ఈడ్చింది. అంతే, మళ్ళీ కూర్చుండిపోయింది.

మళ్ళీ జూన్ వచ్చింది. ఒక్క సీజన్ కాంట్రాక్ట్ అయిపోతోంది. టెస్సా ఇప్పుడు ఇల్లంతా పరిగెడుతోంది గాని, దాని ఈడు పిల్లలు వాక్యాలు చెబుతుంటే ఇది ఇంకా "పక్" దగ్గరే ఉంది. డాక్టరు చెవులూ అవీ చూసి, బాగానే ఉన్నాయి, రెండేళ్ళు నిండాక తీసుకురండి అన్నాడు. అది ఆగస్టు చివర్లో. ఈలోగా నాకు తోచిన చెడ్డ ఊహలన్నీ ట్రెంట్ దగ్గర, ముమ్ము దగ్గర పైకే అనేస్తున్నాను. తొందరపడి దేన్నీ విప్పడం మాత్రం లేదు. మొన్న కొట్టులో మళ్ళీ మొదలుపెడితే ముమ్ము మిషన్ మీద దుప్పటి సర్దుతూ అంది:

"ఎంత కావాలంటే అంత వాగు అమ్మాయ్, నేను వింటాను. కత్తెర మాత్రం ఐస్ వేసేదాకా ముట్టుకోకు."