హో అడవిలో వాన కోసం

ఎనభైల మొదట్లో ఒక వేసవి, ఆగస్టు నెల. డాలస్ పక్కనున్న మా ఇర్వింగ్‌లో వాన చుక్క పడి ఎన్నాళ్ళయిందో. మా అపార్ట్‌మెంట్ ముందు గడ్డి కొబ్బరిపీచులా అయిపోయింది. నాకు అయిదో నెల. ఎదురింటి రాజ్యం ఆంటీ ఓ సాయంత్రం "ఏం తినాలనుందే నీకు?" అని అడిగింది.

"తినాలని లేదు ఆంటీ. వానలో తడవాలనుంది."

ఆంటీ మావారి వైపు తిరిగింది. "విన్నావుగా మోహన్. కడుపుతో ఉన్న పిల్ల అడిగింది. ఆ వాన ఎక్కడుందో చూసి తీసుకెళ్ళు."

రెండేళ్ళ కిందట నాలుగో నెలలో మాకొక బిడ్డ పోయింది. అప్పటినుంచీ నేను మెట్లెక్కితే ఆయన వెనకాల చేతులు చాపి నిలబడతారు. అలాంటి మనిషి లైబ్రరీలో అట్లాసు తిరగేసి, దేశంలో బాగా వాన పడే చోట్లలో ఒకటి వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం పక్కనున్న హో అడవి అని కనిపెట్టారు. డాక్టర్‌ని రెండుసార్లు అడిగి, టికెట్లు బుక్ చేశారు.

శుక్రవారం ఉదయం ఏడింటికి డాలస్‌లో విమానం ఎక్కి, అక్కడి టైమ్ ప్రకారం తొమ్మిదిన్నరకి సియాటిల్‌లో దిగాం. కారు రెంట్ చేసి, పదకొండు దాటాక కారుతో సహా ఫెర్రీ అనే పెద్ద పడవ ఎక్కాం. ఎటు చూసినా నీలం ఆకాశం. పక్క సీటు ముసలావిడ నా పొట్ట చూసి, "ఎంత మంచి ఎండ తెచ్చుకున్నావమ్మా!" అని అభినందించింది. నేను పులిహోర డబ్బా మూత తీసి తినసాగాను.

సాయంత్రానికి ఫోర్క్స్ అనే చిన్న ఊరు చేరాం. మోటెల్ యజమాని తాళం ఇస్తూ, "మీరు లక్కీ. వారంగా చుక్క పడలేదు," అన్నాడు.

శనివారం పదింటికి అడవిలోకి వెళ్ళాం. మేపుల్ చెట్ల కొమ్మలనిండా నాచు, ఆకుపచ్చ గడ్డాల్లా వేలాడుతోంది. చెవుల్లో దూది పెట్టినంత నిశ్శబ్దం. పడిపోయిన ఒక మహావృక్షం మీదే కొత్త మొక్కలు బెంచీ మీద పిల్లల్లా వరసగా మొలిచాయి. అరటిపండంత పసుపు నత్త, గుల్ల లేనిది, ఒకటి దారికి అడ్డంగా, ఏ తొందరా లేకుండా పోతోంది. నాచు ముట్టుకుంటే మాత్రం పొడిపొడిగా ఉంది. రేంజర్ అమ్మాయి నవ్వుతూ వచ్చి, మేం అదృష్టవంతులమంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుని ఆకాశం చూసి, వెనక్కి వచ్చేశాం.

ఆదివారం సాయంత్రం అయిదింటికి తిరుగు విమానం. పొద్దున్నే ఆరింటికి కారు ఎక్కాం. కొండల మీద బూడిదరంగు మబ్బు. మావారు సియాటిల్ దారి వదిలి, కారు అడవి వైపు తిప్పారు.

"ఏవండీ, ఫ్లైట్!"

"మిస్ అయితే ఇంకోటి ఎక్కుదాం."

ఎయిర్‌పోర్ట్‌కి మూడు గంటల ముందే వెళ్ళే మనిషి ఆయన! 

ఏడున్నరకి చెట్ల కింద నిలబడ్డాం. పైన చిటపటలు మొదలయ్యాయి. అరచెయ్యి చాపాను. ఒక్క చుక్క లేదు! వాననంతా ఆకులూ నాచూ పైనే తాగేస్తున్నాయి.

"పార్కింగ్ లాట్‌కి! అక్కడ చెట్లు లేవు!" అన్నారాయన.

"పదండి!"

"పరిగెత్తకు సుగుణా!"

"నడుస్తున్నానండీ!" అన్నాను, దాదాపు పరిగెడుతూ.

ఖాళీ పార్కింగ్ లాట్ మధ్యలో మొహం పైకెత్తి నిలబడ్డాను. చల్లటి వాన నుదుటి మీద, కళ్ళ మీద, చీర మీద. ఆయన గొడుగు పట్టుకుని వెనకే తిరిగారు. "మూసెయ్యండి," అన్నాను. కాసేపు తటపటాయించి మూసేశారు. కళ్ళద్దాల మీంచి నీళ్ళు కారుతుంటే ఆయన మొహం ఎంత తమాషాగా ఉందో! ఒకరినొకరు చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాం. రేంజర్ అమ్మాయి పక్కనున్న ఆఫీసు తలుపు తీసి, "అయ్యో, వాతావరణం ఇలా పాడైపోయింది, సారీ!" అని అరిచింది. దాంతో ఇంకా నవ్వొచ్చింది.

మీరెవరైనా ఆగస్టులో వెళితే రెండు రోజులకి తక్కువ కాకుండా పెట్టుకోండి. తడవాలనుకుంటే చెట్ల కింద మాత్రం నిలబడకండి.

పన్నెండున్నరకి ఫెర్రీ ఎక్కాం. నా జడ ఇంకా కారుతూనే ఉంది. ఆయన కాఫీ తెచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆడపిల్లయితే వర్ష అని పెడదామా?" అన్నారు. అంతవరకూ పేరు మాట ఎత్తడానికి మా ఇద్దరికీ ధైర్యం చాలలేదు. నేను కప్పు కింద పెట్టి, "మరీ అంత తేలిగ్గా ఒప్పుకుంటానా?" అన్నాను. ఇక మొదలయింది. ఆయనొకటంటే నేనొకటి. కారులో కూర్చున్నాక కూడా ఆగలేదు. ఫెర్రీ సియాటిల్ ఒడ్డు చేరి, ముందున్న కార్లన్నీ దిగిపోయాయి. వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారు. ఆయన స్టీరింగ్ మీద వేళ్ళు మడిచి ఇంకా పేర్లు లెక్కపెడుతూనే ఉన్నారు.