నిలిచే ఇనుముకే తాడు

సీమాంచల్ నాహక్ ఇరవై ఏడేళ్లలో అరవై మూడు ఓడలు కోశాడు. అందులో చమురు ఓడలు పదకొండు. లోపల ఈతకొలను ఉన్న ప్రయాణికుల ఓడ ఒకటి. ఇందులో ఒక్కటి కూడా కలిపి చెప్పింది కాదు, పాత ఓడలు విడగొట్టే అలంగ్ ఒడ్డున ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. దానికన్నా గొప్ప సంగతి ఇంకొకటుంది. ముకద్దంగా, అంటే ముఠాకి పెద్దగా, అతను పనిచేసినన్నాళ్లూ అతని మనుషుల్లో ఒక్కడు కూడా పైనుంచి పడి చావలేదు. ఆ మాట చెప్పుకోగలిగిన ముకద్దం ఆ రోజుల్లో ఆ తీరం పొడుగునా వెతికినా కనబడడు.

గంజాం జిల్లాలో అయిదో తరగతి చదివి, పంతొమ్మిదో ఏట మేనమామ వెంట ఇక్కడికొచ్చాడు. మొదటి నెలలోనే దెబ్బ తిన్నాడు. దొరల్లా కనబడాలని ప్యాంటు కాళ్లు బూట్లలోకి దోపుకున్నాడు. కోతలోంచి రాలిన కరిగిన ఇనుము బొట్టు ఒకటి తిన్నగా బూటులోకి దిగింది. బూటు విప్పేలోగా మడమ ఉడికిపోయింది. తర్వాత అతని కింద పనిచేసిన ప్రతివాడి ప్యాంటూ బూటు మీదికే జారింది. నైలాను చొక్కా వేసుకొచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేవాడు. "నూలు కాలితే బూడిదవుతుందిరా. నైలాను కాలితే నీ తోలవుతుంది. మళ్లీ ఊడదు" అనేవాడు.

గంఛా తువ్వాలు సంగతి మరీ చెప్పుకోదగ్గది. గంజాం వాణ్ణి గంఛా తియ్యమంటే తల తియ్యమన్నట్టే. చెమటకి దాన్ని తలకి చుట్టి, పైన హెల్మెట్ పెట్టుకునేవాళ్లు. వంగితే చాలు, హెల్మెట్ కొబ్బరిచిప్పలా దొర్లి బురదలో పడేది. సీమాంచల్ ఎవరితోనూ పోట్లాడలేదు. కత్తెర తెచ్చి తన గంఛానే నాలుగు పేలికలు చేసి, ఒక పేలిక నుదుటికి కట్టుకుని, హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి చూపించాడు. రెండు రోజులు నవ్వారు. మూడో రోజు కత్తెర కోసం వరస కట్టారు.

ఇలాంటి మనిషి ముఠాలోకి రామ్‌సుఖ్ బింద్ వచ్చి చేరాడు. ఉత్తరాదిన బలియా వైపువాడు. కోతలో అతనంతటివాడు లేడు. ఇనుము మీద సుద్దముక్కతో గీత గీసినట్టు గ్యాసు మంట నడిపేవాడు. నోరు కూడా అంత పదునే.

అప్పటికి యార్డులో అందరికీ నడుము బెల్టులొచ్చాయి. పైకి ఎక్కినవాడు బెల్టు కట్టుకుని, దాని తాడు కొక్కెం ఎక్కడో ఒకచోట తగిలించాలి. ఆ "ఎక్కడో" దగ్గరే ప్రమాదమంతా ఉంది.

అదొక పౌర్ణమి రోజు. సరుకు ఓడ ముక్కు భాగాన్ని కోసి కింద పడెయ్యాలి. భారం తగ్గిన ఓడని మధ్యాహ్నం పోటు నీటి మీద ఇంకాస్త ఒడ్డుకి లాగాలి. ఆ పోటు దాటితే మళ్లీ అంతెత్తు నీళ్లు అమావాస్యకి గాని రావు. యార్డు మేనేజరు కర్సన్‌భాయి పొద్దుటినుంచీ గొడుగు కింద నిలబడి సముద్రాన్నే చూస్తున్నాడు.

నాలుగంతస్తుల ఎత్తున రామ్‌సుఖ్ కోత సగానికి తెచ్చాడు. సీమాంచల్ నిచ్చెనెక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కొక్కెం ఎక్కడ తగిలించావు?"

"కనబడటం లేదా భాయీ? కళ్లద్దాలు మసిపట్టాయా? ఇదిగో, కన్నంలో."

"ఏ కన్నంలో?"

"లాగుడు తాడు కోసం కోశాను చూడు, అందులో. ఇంకెక్కడుంది ఇక్కడ కన్నం?"

సీమాంచల్ వంగి చూశాడు. కోసిన ముక్కని తర్వాత ఒడ్డుకి లాగాలి కాబట్టి, ముందుగానే ఆ ముక్కకి చెయ్యి పట్టేంత కన్నం కోస్తారు. కొక్కెం పట్టడానికి అంత అనువైన చోటు పైన మరొకటుండదు. అయితే ఆ కన్నం ఉన్నది పడిపోయే రేకులో!

"కూర్చున్న కొమ్మ నరుక్కున్నవాడి కథ విన్నాను గాని, నడుముకి కట్టుకున్న ఇనుము కోసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. మంట ఆర్పు."

"మూరెడు కోత మిగిలి ఉండగా కొక్కెం తీసేస్తాను భాయీ. వెయ్యిసార్లు తీశాను."

"దీని వెనక లంగరు యంత్రం వేలాడుతోంది, చూశావా? మూరెడు దాకా ఆగదు ఇది. ముందే చిరుగుతుంది."

"నీకు ఇనుము కలలోకొచ్చి చెప్పిందా?"

కింద నుంచి కర్సన్‌భాయి కేక వేశాడు. "ఏమయ్యా, అక్కడేం పెళ్లిచూపులా? కానివ్వండి!"

సీమాంచల్ మంట తనే ఆర్పి, రామ్‌సుఖ్‌ని వెంటబెట్టుకుని కిందికి దిగాడు. సంగతి విని కర్సన్‌భాయి నొసలు కొట్టుకున్నాడు.

"బెల్టు కట్టుకున్నాడా లేదా? కట్టుకున్నాడు. కొక్కెం తగిలించాడా? తగిలించాడు. ఎక్కడ తగిలించాలో ఏ కాగితంలో ఉంది?"

"కాగితం పైకి ఎక్కదు సేఠ్. మనిషి ఎక్కుతాడు."

"పోటు దాటిందో, రేపటినుంచి నువ్వు ముకద్దం కాదు. గ్యాసు పైపులు మొయ్యాలి. ఇష్టమేనా?"

పంతొమ్మిదేళ్ల పెద్దరికం. చుట్టూ నలభైమంది వింటున్నారు. అయినా సీమాంచల్ మాట తడబడలేదు. "మోస్తాను. అతను మాత్రం ఆ కొక్కెంతో కొయ్యడు."

గోనెసంచి తెప్పించి ఒడ్డున ఇసకతో నింపించాడు. రామ్‌సుఖ్ నడుము బెల్టు విప్పి దానికి కట్టాడు. తాడేసి పైకి లాగించి, రామ్‌సుఖ్ కూర్చున్నచోటే కూర్చోబెట్టి, కొక్కెం అదే కన్నంలో తగిలించాడు.

"నాకన్నా అందంగా ఉన్నాడే," అన్నాడు రామ్‌సుఖ్. "అన్నం కూడా అడగడు."

"ఎదురు మాట్లాడడు. అదీ నాకు నచ్చింది," అన్నాడు సీమాంచల్.

రామ్‌సుఖ్‌కి వేరే బెల్టు కట్టించి, అంచుకి దూరంగా లోపల నిలబెట్టాడు. తర్వాత పడిపోని భాగంలో, ఓడ పక్కటెముకకి, తల పైన ఒక కొత్త కన్నం కోశాడు. అది చల్లారాక తన కొక్కెం అందులో తగిలించి, రెండు కాళ్లూ వంచి ఒళ్లంతా వేలాడేసి చూశాడు. ఇనుము ఉలకలేదు. అప్పుడు కోత దగ్గర మళ్లీ మంట వెలిగించాడు.

కోత కిందికి నడిచింది. ఇంకా రెండు మూరలుంది. రామ్‌సుఖ్ లోపలినుంచి, "చూశావా భాయీ, ఇంకా..." అంటుండగానే ఓడ ఒక్కసారి మూలిగింది. మిగిలిన రెండు మూరలూ గుడ్డ చిరిగినట్టు చిరిగాయి. సీమాంచల్ కాలి కింద అంచు అదిరి అతను జారాడు. నడుము తాడు పట్టుకుంది. పక్కనున్న సంచి మాత్రం, కూర్చున్నది కూర్చున్నట్టే, రేకు వెంట గాల్లోకి ఎగిరిపోయింది.

కిందికి దిగి చూస్తే సంచి లేదు. రేకు కింద నుంచి బెల్టు కొస ఒకటి కనబడుతోంది. రామ్‌సుఖ్ దాని ముందు గొంతుక్కూర్చుని, ఆ కొస పట్టుకుని లాగి చూశాడు. రాలేదు.

అప్పటికే నీళ్లు వెనక్కి తిరిగాయి. పోటు దాటిపోయింది.

కర్సన్‌భాయి మనసులో ఏమనుకున్నాడో గాని, నలభైమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేకపోయాడు. మర్నాడు పొద్దున రామ్‌సుఖ్‌ని ముకద్దం చేశాడు. సీమాంచల్ చద్దన్నం తిని, పేలిక నుదుటికి కట్టుకుని, గ్యాసు పైపు భుజానికెత్తుకున్నాడు. ముఖం చిన్నబుచ్చుకోలేదు. పైపు కీళ్లు ఒక్కొక్కటీ సబ్బునీళ్లతో తడిపి, గ్యాసు కారుతోందేమో చూసుకుంటూ కూర్చున్నాడు.

ఎండ ఎక్కింది గాని ఓడ మీద ఒక్క మంటా వెలగలేదు. కోసేవాళ్లంతా పైనే ఉన్నారు. ఒక్కొక్కడి తల పైన, నిలిచే ఇనుములో, కొత్తగా కోసిన కన్నం ఉంది. కొక్కేలు తగిలించుకుని చేతులు కట్టుకు కూర్చున్నారు.

కర్సన్‌భాయి గొడుగు పారేసి అరిచాడు. "పని మొదలెట్టరేం? ఇక్కడ ముకద్దం ఎవరు?"

"నేనే సేఠ్," అన్నాడు రామ్‌సుఖ్ పైనుంచి. "నా మొదటి హుకుం ఇదే. సీమాంచల్ భాయి పైకొచ్చి ప్రతి తాడూ లాగి చూసేదాకా ఎవడూ మంట వెలిగించకూడదు."

సీమాంచల్ పైపు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.