రిబ్బన్ కట్టిన ఇంక్యుబేటర్

ఈ రోజు నాంపల్లిలోని మా కాన్పుల దవాఖానలో జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఎలా బతికించాలన్న పరిశోధన కోసం మాకొక కొత్త ఇంక్యుబేటర్ వచ్చింది. మా సూపరింటెండెంట్ గారు దానికి ఎర్ర రిబ్బన్ కట్టించి, మంత్రిగారు ప్రారంభించేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. మంత్రిగారేమో అబిడ్స్‌లో ఏదో బట్టల దుకాణం ప్రారంభించి, అక్కడే భోజనానికి కూర్చున్నారట.

ఈలోగా ఏడో నెలకే ఒక ఆడపిల్ల పుట్టింది. పాప అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మా, పోరి సల్లగైతాంది. గా అద్దాల పెట్టెల జర పండబెట్టరాదా?"

వెళ్లి అడిగాను. సూపరింటెండెంట్ గారు గుమ్మానికి పూలదండ కట్టిస్తున్నారు.

"మంత్రిగారు వచ్చినంక పెడదాం తియ్యమ్మా. రిబ్బన్ కట్ కాకముందే వాడితే నా ఇజ్జత్ పోతది."

పసిగుడ్డు ప్రాణం కంటే ఆయన ఇజ్జతే బరువైందన్నమాట! కత్తెర తెచ్చి రిబ్బన్ నేనే కత్తిరించాను. పెట్టె వేడెక్కేదాకా పాపను నా గుండెలకు హత్తుకున్నాను.

మంత్రిగారు వచ్చేసరికి పాప ఒళ్లు వెచ్చబడింది, పెదాలకు రంగు వచ్చింది. సూపరింటెండెంట్ గారు నావైపు ఉరిమి చూసి, వెంటనే మంత్రిగారివైపు తిరిగి నవ్వారు.

"సార్, పాణం ముఖ్యమని నేనే ముందుగాల పెట్టించిన."

మంత్రిగారు ఆయన భుజం తట్టి, పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగారు. రేపు పేపర్లో అది చూసి మీరెవరైనా "ఎంత దయగల డాక్టరో" అంటారేమో. అనే ముందు నన్నొక్క మాట అడగండి.